తాడుకు రెండవ కొన

రాతికొండలను ఎక్కేవారు ఇద్దరో ముగ్గురో ఒకే తాడుకు తమను కట్టుకొని బయలుదేరుతారు. ఎక్కేటప్పుడు అనుభవశాలి ముందు నడుస్తాడు. అతడు పైకి పోయి, నిలకడైన చోటు చూచుకొని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, తాడును నడుముచుట్టూ త్రిప్పి పట్టుకొంటాడు. అప్పుడు గాని క్రింద వున్న కొత్తవాడు రాతిమీద చేయి వేయడు. వాడి కాలు జారినా పైనున్నవాడి చేతిలోని తాడు వాడిని ఆపుతుంది. దిగేటప్పుడు ఈ వరుస తారుమారవుతుంది. కొత్తవాళ్ళు ముందు దిగుతారు. అనుభవశాలి అందరి బరువుకూ కాపుగా చిట్టచివర దిగుతాడు. ఈనాడు లోహపు కొక్కేలూ, తాడును బిగించిపట్టే పరికరాలూ వచ్చి ఈ పని ఎంతో సులభమైంది. అయినప్పటికీ మూలసూత్రం మారలేదు. ఒక కొనను ఆరితేరినవాడు, రెండవ కొనను ఓనమాలు దిద్దుకొనేవాడు. నడుమ కొన్ని గజాల తాడు.

ఆ తాడుమీద ఒకడి తప్పు మరొకడి ప్రాణంమీదికి వస్తుంది. కనుకనే చేయి తిరిగినవాడు కొత్తవాణ్ణి ఏ దృష్టితో చూస్తాడన్న ప్రశ్న ఆ రంగంలో ఆదినుండీ చావుబ్రతుకుల ప్రశ్నగా వుంటూ వచ్చింది. కొందరు వాణ్ణి బరువుగా ఎంచారు. కొందరు తమ కొలతతో వాణ్ణి కొలిచి మోసపోయారు. కొందరు ఎన్నాళ్ళు గడచినా వాణ్ణి కొత్తవాడిగానే వుంచజూచారు. మరికొందరు మాత్రం ఓర్పుతో నేర్పి, ఒకనాటికి తాడు మొదటి కొనను వాడి చేతికిచ్చారు. పర్వతారోహణ చరిత్రలో ఈ నాలుగు తీరులకూ ప్రసిద్ధమైన ఉదాహరణలున్నాయి. పిల్లలకు చదువు చెప్పేవారికి ఆ చరిత్ర పరాయిదిగా తోచదు.

స్విట్జర్లాండు, ఇటలీ దేశాల సరిహద్దున మాటర్‌హార్న్ అనే శిఖరం వున్నది. దాని ఎత్తు 4,478 మీటర్లు. 1865 జూలై 14వ తేదీన ఏడుగురు మనుష్యులు మొట్టమొదటిసారిగా దానిపై అడుగుపెట్టారు. వారి నాయకుడు ఎడ్వర్డ్ వింపర్ అనే ఇరవై అయిదేళ్ళ ఆంగ్లేయుడు. అతడు చెక్కమీద బొమ్మలు చెక్కే వృత్తిలోనివాడు. 1860లో ఒక ప్రచురణకర్త కోసం ఆల్ప్స్ పర్వతాల చిత్రాలు గీయడానికి వచ్చి, ఆ పర్వతాల మోహంలో పడిపోయాడు. 1862లో ఇదే శిఖరంమీద ఒంటరిగా దిగుతూ సుమారు 200 అడుగులు దొర్లిపడి ప్రాణాలతో బయటపడ్డాడు. కొండ నేర్పే పాఠాన్ని ఒంటితో నేర్చుకొన్నవాడే.

ఆ ఏడుగురిలో డగ్లస్ హాడో అనే పంతొమ్మిదేళ్ళ యువకుడు వున్నాడు. ఆల్ప్స్‌లో అతనికి అది మొదటి సంవత్సరం. అతనిని వెంటబెట్టుకొని వచ్చినవాడు చార్లెస్ హడ్సన్ అనే మతాచార్యుడు; ఆనాటి ఆరోహకులలో మేటి అనిపించుకొన్నవాడు. ఈ కుర్రవాడు ఇంతకుముందు ఏమి ఎక్కినాడని వింపర్ అడగకపోలేదు. మాంట్ బ్లాంక్ శిఖరాన్ని చాలామందికంటె తక్కువ కాలంలో ఎక్కివచ్చాడని హడ్సన్ బదులు చెప్పాడు. ఆ మాట నిజమే. కాని మాంట్ బ్లాంక్ మంచుదారిలో కావలసింది ముఖ్యంగా కాళ్ళ బలమూ ఊపిరీ. మాటర్‌హార్న్ రాతిమీద కావలసింది ఏ అంచుపై పాదం ఎట్లా మోపాలో తెలిసిన నేర్పు. హడ్సన్‌కు రెండూ అలవాటే గనుక ఆ తేడా అతనికి తోచి వుండదు. ఆరితేరినవారికి సహజంగా వచ్చే గ్రుడ్డితనమిది: తమకు సులభమైనది అందరికీ సులభమేనని అనుకోవడం.

శిఖరం చేరారు, సంతోషించారు, దిగుముఖం పట్టారు. అందరికన్న ముందు షామొనీకి చెందిన మిషెల్ క్రోజ్ అనే గొప్ప మార్గదర్శి దిగుతున్నాడు. అతని వెనుక హాడో. హాడోకు కాళ్ళు నిలవడంలేదు. అందుచేత క్రోజ్ తన మంచుగొడ్డలిని ప్రక్కన పెట్టి, వెనుకకు తిరిగి, ఆ యువకుని పాదాలను ఒక్కొక్కటిగా తన చేతులతో పట్టి రాతిమీద సరైన చోట పెడుతూ వచ్చాడు. అక్షరాభ్యాసంనాడు పంతులుగారు పిల్లవాడి వ్రేళ్ళు పట్టి పలకమీద దిద్దించినట్లే వున్నది ఆ దృశ్యం. హాడో పాదాలను నిలిపి, తాను ముందుకు తిరిగి ఒక మెట్టు దిగబోయే క్షణంలో హాడో జారి అతనిమీద పడ్డాడు. ఆ ఊపుకు హడ్సన్, అతని పైనున్న లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ కూడ లాగబడ్డారు. పైనున్న టౌగ్వాల్డర్, వింపర్ తాడును బిగించి పట్టుకొన్నారు. కాని డగ్లస్‌కూ టౌగ్వాల్డర్‌కూ నడుమ తాడు తెగిపోయింది. తెచ్చుకొన్న తాళ్ళన్నింటిలోకీ బలహీనమైనది అక్కడ కట్టబడి వున్నది. నలుగురు కొన్ని వేల అడుగుల క్రింద వున్న హిమానీనదంమీద పడి మరణించారు. వింపర్, టౌగ్వాల్డర్ తండ్రీకొడుకులూ మిగిలారు.

ఈ దుర్ఘటనను గురించి నేటికీ వాదోపవాదాలు జరుగుతూనే వున్నాయి. ఎవరు ఎవరిని నిందించినా, నేరం హాడోది అనడం న్యాయం కాదు. తనకు తెలియనిది ఎంత వున్నదో కొత్తవాడికి తెలియదు. అది తెలిసివుండవలసినవాడు తీసుకొని వచ్చినవాడు. హడ్సన్ దయతోనే తీసుకొని వచ్చాడు. ఆ దయకు తగిన పరీక్ష తోడుకాలేదు. క్రోజ్ ఓర్పులో లోపమేమీ లేదు. కాని ఆ పాఠం చెప్పడానికి అది చోటు కాదు.

లండను పత్రికలు పర్వతారోహణనే దుయ్యబట్టాయి. ఆరోహకులలో పెద్దలు జాగ్రత్త పడ్డారు. అసలే 1857లో స్థాపించబడిన ఆల్పైన్ క్లబ్బులో సభ్యత్వం దొరకాలంటే అంతకుముందే ఎక్కిన శిఖరాల పట్టిక చూపించవలసి వుండేది. ఈత వస్తే గాని నీళ్ళలో దిగరాదన్నట్లున్న ఆ నియమంలో కొత్తవాడికి చోటు తక్కువ. పెద్దల భయంలో నిజం లేకపోలేదు. కాని భయం ముదిరితే తిరస్కారం అవుతుంది. తామూ ఒకనాడు రాతి మొదట నిలబడి వణికిన సంగతి మరుపునకు వస్తుంది. నిన్నటి కోడలే నేటి అత్త అన్నట్లు, ఏ చిన్నచూపు చూస్తే తమకు మనసు నొచ్చిందో ఆ చిన్నచూపునే వెనుక వచ్చినవారికి అందిస్తారు.

ఇంగ్లండులో రాతికొండలెక్కడం ఒక ప్రత్యేక విద్యగా రూపొందడానికి 1886వ సంవత్సరాన్ని ఆరంభంగా చెప్పుకొంటారు. ఆ ఏట హాస్కెట్ స్మిత్ అనే యువకుడు సరస్సుల సీమలో సూదివలె నిలిచిన నేప్స్ నీడిల్ అనే రాతిని తాడు లేకుండా ఒంటరిగా ఎక్కి, గుర్తుగా తన చేతిరుమాలును పైన రాతిక్రింద వుంచి దిగివచ్చాడు. అప్పటికి ఆ విద్యలో అతనికి గురువంటూ ఎవరూ లేరు. సరిగా యాభై ఏళ్ళ తర్వాత, 1936లో, డెబ్బయి దాటిన వయస్సులో అతడు మళ్ళీ అదే రాతిని ఎక్కాడు. ఈసారి తనకంటె చిన్నవారు పట్టుకొన్న తాడుకు కట్టబడి ఎక్కాడు. ఆ విద్యకు ఆద్యుడు తాడు రెండవ కొనకు రావడంలో చిన్నతనమేమీ చూడలేదు.

ఈ విద్యను కొత్తవారికి అందుబాటులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఒక బడిపంతులు. ఓవెన్ గ్లిన్ జోన్స్ లండనులోని సిటీ ఆఫ్ లండన్ స్కూలులో భౌతికశాస్త్రం బోధించేవాడు. 1897లో ఆయన సరస్సుల సీమలోని రాతిదారులను వర్ణిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఆ దారులను సులభం, మధ్యమం, కఠినం, అతికఠినం అన్న తరగతులుగా విభజించాడు. ఉపాధ్యాయుడికి తప్ప మరొకరికి ఇంత సహజంగా తోచని పని ఇది. బాలశిక్ష చదివేవాడి చేతిలో ప్రబంధం పెట్టరాదని పంతులుకు వేరే చెప్పనక్కరలేదు గదా! ఏ దారి ఎంతటిదో ముందే తెలిస్తే, మొదటిరోజు వచ్చినవాడు తన మెట్టు తాను వెతుక్కోగలడు. హాడోకు ఎదురైన ఆపద సగం అక్కడే తప్పిపోతుంది. జోన్స్ 1899లో ఆల్ప్స్‌లోని డెంట్ బ్లాంష్ మీద మార్గదర్శులతోపాటు పడి మరణించాడు. ఎంతటివాడికైనా కొండ మినహాయింపు ఇవ్వదు. ఆయన పెట్టిన తరగతులు మాత్రం రూపాంతరం చెందుతూ నిలిచాయి.

మరొక ఉపాధ్యాయుని కథ ఇంకా దూరం పోతుంది. విన్చెస్టర్ విద్యాలయంలో బోధించే ఆర్.ఎల్.జి. ఇర్వింగ్ 1904లో తన విద్యార్థులలో ఇద్దరిని వెంటబెట్టుకొని ఆల్ప్స్‌కు పోయాడు. వారిలో ఒకడు జార్జి మాలరీ, అప్పటికి పద్ధెనిమిదేళ్ళవాడు. వారు మొదట తలపెట్టిన శిఖరం మాంట్ వెలాన్. మరికొన్ని వందల అడుగులలో శిఖరం వున్నదనగా కుర్రవాళ్ళిద్దరికీ కొండజబ్బు పట్టింది. ఇర్వింగ్ వెనుకకు మళ్ళాడు. అందిన శిఖరాన్ని కొత్తవాళ్ళ కోసం వదలుకొని దిగిరావడం చూడడానికి చిన్న విషయమే. కాని ఒక గురువు యోగ్యతను తూచడానికి అంతకన్న మంచి తక్కెడ లేదు. ఆ వేసవిలోనే వారు మాంట్ బ్లాంక్ కూడ ఎక్కి వచ్చారు.

కొన్ని సంవత్సరాలు గడచిన తర్వాత, కొత్తవారితో తాను జరిపిన యాత్రలను గురించి ఇర్వింగ్ ఆల్పైన్ క్లబ్బులో ఒక వ్యాసం చదివాడు. మార్గదర్శులు లేకుండా అనుభవం లేని పిల్లలను కొండలకు తీసుకొనిపోవడమా అని పెద్దలు మండిపడ్డారు. ఈ పద్ధతితో తమకు ఏమీ సంబంధం లేదని పేరుపొందిన సభ్యులు కొందరు సంతకాలు చేసి ప్రకటించారు. వారి కళ్ళముందు మాటర్‌హార్న్ వున్నది. ఇర్వింగ్ కళ్ళముందు మాలరీ వున్నాడు. ఎవరి పక్షాన న్యాయమున్నదో ఒక్కమాటలో తేల్చడం కష్టం. అయితే ఆనాడు ఇర్వింగ్ పెద్దల మాటకు భయపడి ముందే ఊరకుండివుంటే, బ్రిటిష్ పర్వతారోహణ చరిత్రలో మాలరీ పేరు వినబడి వుండదేమో.

మాలరీ కూడ ఉపాధ్యాయుడే అయినాడు. చార్టర్‌హౌస్ విద్యాలయంలో అతని విద్యార్థి రాబర్ట్ గ్రేవ్స్. తరువాతి కాలంలో కవిగా, నవలాకారుడుగా ప్రఖ్యాతి పొందినవాడు. తోటి పిల్లలతో పొసగక బడిలో దుఃఖపడుతున్న ఆ బాలుణ్ణి మాలరీ చేరదీశాడు, పుస్తకాలిచ్చాడు, సెలవులలో వేల్స్ కొండలకు తీసుకొనిపోయి రాతినెక్కడం నేర్పాడు. గ్రేవ్స్ వివాహంలో వరుని ప్రక్క తోడుగా నిలిచినవాడు మాలరీయే. ఇర్వింగ్ చేతి తాడు మాలరీకి, మాలరీ చేతి తాడు గ్రేవ్స్‌కు అందింది. గురుశిష్యపరంపర అన్నమాటకు కొండమీద కనబడే రూపమిది.

ఈ పరంపరలో ఇంతవరకు పురుషులే కనబడుతున్నారు. స్త్రీలు కొండలు ఎక్కకపోలేదు. వారికి ఎదురైన అడ్డంకి వేరు. తండ్రో, అన్నో, భర్తో ముందు నడుస్తాడు. ఆమె ఎంత నేర్చినా తాడు రెండవ కొననే వుంటుంది. ఇది తిరస్కారం కాదు, వాత్సల్యమే. కాని ఎన్నటికీ చేయి వదలని వాత్సల్యం కూడ ఒక బంధనమే అవుతుంది. ముందు నడచేవాడే దారి వెతుకుతాడు, పొరబడతాడు, తీర్పు నేర్చుకొంటాడు. వెనుక వచ్చేవారికి ఆ అవకాశం రాదు. ఎమిలీ కెల్లీ అనే ఆరోహకురాలు ముందుపడి, మరికొందరు స్త్రీలతో కలిసి 1921లో పినకిల్ క్లబ్బును స్థాపించింది. స్త్రీలు స్త్రీలతోనే కలిసి ఎక్కి, తామే ముందు నడవడం నేర్చుకోవాలన్నది దాని ఆశయం. ఆ క్లబ్బు శతవార్షికోత్సవం దాటి నేటికీ నడుస్తున్నది. ఆల్పైన్ క్లబ్బు స్త్రీలకు తలుపులు తెరచింది 1970ల నడుమనే.

ఇక 1924. ఎవరెస్టు శిఖరాన్ని టిబెట్ వైపునుండి, అంటే ఉత్తరపు దిక్కునుండి ఎక్కడానికి బ్రిటిష్ వారు మూడవమారు వచ్చారు. మూడుమార్లూ వచ్చినవాడు మాలరీ. అప్పటికి ముప్ఫయి ఏడేళ్ళవాడు. తుది ప్రయత్నానికి తోడుగా ఎవరిని తీసుకొనిపోవాలన్న ప్రశ్న వచ్చింది. అనుభవశాలి అయిన నోయెల్ ఓడెల్ ఆరోగ్యంగా వున్నాడు. మాలరీ అతనిని కాదని ఇరవై రెండేళ్ళ ఆండ్రూ ఇర్విన్‌ను ఎన్నుకొన్నాడు. స్నేహితులు అతనిని శాండీ అని పిలిచేవారు. ఆక్స్‌ఫర్డ్ తరఫున పడవపందేలలో పాల్గొన్న బలశాలి. ప్రాణవాయువు యంత్రాలను విప్పి బాగుచేయడంలో దిట్ట. కొండలెక్కిన అనుభవం మాత్రం అతి స్వల్పం.

జూన్ 8వ తేదీ మధ్యాహ్నం, మబ్బు విడినప్పుడు, ఓడెల్ క్రిందినుండి చూడగా శిఖరం దిశగా రెండు చుక్కలు కదలుతూ కనబడ్డాయి. మళ్ళీ మబ్బు మూసుకొన్నది. వారిద్దరూ తిరిగి రాలేదు. ఎన్నిక కాని ఓడెల్, ఎన్నికైన వారికోసం ఒంటరిగా రెండుసార్లు ఆ పై గుడారందాకా ఎక్కి వెతికాడు. 1999 మే 1వ తేదీన మాలరీ శరీరం దొరికింది. నడుముకు తాడు కట్టివున్నది. ఆ తాడు తెగివున్నది. తాడు లాగిన గుర్తు ఒంటిమీద వున్నది. 2024లో, క్రింది హిమానీనదంమీద, ఇర్విన్ పేరు కుట్టిన మేజోడుతో ఒక పాదం బయటపడింది. ఎవరు జారారో, ఎవరు పట్టి నిలిపారో తాడు చెప్పదు. కడవరకు ఇద్దరూ కలిసి కట్టబడివున్నారన్నంతవరకే అది సాక్ష్యం పలుకుతుంది. అనుభవాన్ని వదలి యౌవనాన్ని ఎన్నుకొన్న మాలరీని తప్పుపట్టినవారున్నారు, సమర్థించినవారున్నారు. ఒకప్పుడు తనను నమ్మి చేయిపట్టి తెచ్చిన ఇర్వింగ్‌వలె తానూ ఒక యువకుణ్ణి నమ్మాడన్నది మాత్రం విస్మరించరానిది. నమ్మకం వున్నది. ఆ ఎత్తున, ఆ కొండమీద, వెనుకకు మళ్ళే అవకాశం మాంట్ వెలాన్ మీద వున్నంతగా లేదు.

పదకొండేళ్ళ తర్వాత, 1935లో, అదే ఉత్తరపు దిక్కుకు పోయే యాత్రకోసం ఎరిక్ షిప్టన్ డార్జిలింగులో కూలీలను ఎంపిక చేస్తున్నాడు. వెనుకటి యాత్రలలో పనిచేసినవారు యోగ్యతాపత్రాలు పట్టుకొని నిలిచారు. ఏ పత్రమూ లేని ఒక యువకుడు కూడ ఆ వరుసలో వున్నాడు. అనుభవమున్నవారు ఎందరో వుండగా, ముఖంలోని ఆ చిరునవ్వును చూచి షిప్టన్ అతనినీ తీసుకొన్నాడు. ఆ యువకుడు టెన్సింగ్ నార్కే. 1953లో ఎవరెస్టు యాత్రలో ఎడ్మండ్ హిల్లరీ మంచుపగులులో పడిపోగా తాడును క్షణంలో బిగించి నిలబెట్టిన చేతులు అతనివి. ఆ ఏడు మే 29న ఇద్దరూ కలిసి శిఖరంమీద నిలిచారు. 1935లో కొత్తవాడి చేతిలో పత్రం లేదని త్రోసివేసివుంటే, 1953లో ఆ చేతులు ఎక్కడ వుండేవో!

1954లో డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ శిక్షణసంస్థ స్థాపించబడింది. క్షేత్రశిక్షణకు మొదటి అధిపతి టెన్సింగే. ఆయనకు ఎవరూ క్రమంగా పాఠం చెప్పలేదు. మూటలు మోస్తూ, చూస్తూ నేర్చుకొన్నాడు. ఆయన మాత్రం వచ్చినవారికి మొదటినుండీ పాఠం చెప్పే ఏర్పాటులో పాలుపంచుకొన్నాడు. అక్కడి శిక్షణ హిమశిఖరాలమీద మొదలు కాదు. ఊరిచెంతనే టెన్సింగ్ పేరుతో ఒక పెద్ద రాయి వున్నది. దానిమీద తాడు కట్టుకోవడం, ముడి వేయడం, పాదం మోపడం నేర్చిన తర్వాతనే మంచు. పడినా ప్రాణం పోని చోట పడడం నేర్పి, ఆపైన ఎత్తులకు తీసుకొనిపోవడం ఆ సంస్థ క్రమం. హాడోకు దొరకనిది ఇదే.

ఈ క్రమం తెలుగు నేలకు కూడ చేరింది. భువనగిరిలో ఏకశిలగా నిలిచిన కోటకొండమీద రాతినెక్కే శిక్షణ సాగుతూ వచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు కొందరు అక్కడ మొదటి పాఠాలు నేర్చి, తరువాత డార్జిలింగు సంస్థలో శిక్షణ పొందారు. వారిలో నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఒకతె. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ మరొకడు. 2014 మే 25వ తేదీన వారిద్దరూ ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. వారు ఎక్కినది టిబెట్ వైపునుండే. మాలరీ, శాండీ మబ్బులో మాయమైన ఆ ఉత్తరపు దిక్కునుండే. అంత చిన్న వయస్సువారిని అంత ఎత్తుకు పంపడం తగునా అన్న ప్రశ్న అడుగదగినదే. ఇర్వింగ్‌ను ఆల్పైన్ క్లబ్బు పెద్దలు అడిగిన ప్రశ్న కూడ అదే. ఆ ప్రశ్నకు పిల్లల ధైర్యం ఒక్కటే సమాధానం కాదు. భువనగిరి రాతిమీద, డార్జిలింగులో వారికి పాదం పాదం నేర్పిన ఓర్పు అందుకు సమాధానం. కొండలను ఎన్నడూ చూడని ఇండ్లనుండి వచ్చిన పిల్లలను, వీరికేమి తెలుసునని ఎవరూ మొదటే త్రోసిపుచ్చకపోవడం మరొక సమాధానం.

రాతినెక్కేవారిలో చిన్నచూపు ఈనాటికీ పూర్తిగా పోలేదు. ముడి తప్పుగా వేసిన కుర్రవాణ్ణి చూచి నవ్వేవారూ, మీదికి రమ్మని తొందరపెట్టేవారూ, నీవల్ల కాదని తామే ఎక్కి చూపించేవారూ ప్రతి కొండమీదా కనబడతారు. తరగతిగదిలోనూ కనబడతారు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి చూచి నవ్వడానికి ఒక క్షణం చాలు. వాడు ఏ అడుగు దగ్గర జారాడో కనిపెట్టడానికి గంట పడుతుంది. ఆ గంట వెచ్చించగలిగినవాడే తాడు పట్టడానికి తగినవాడు. పలకమీద వ్రేళ్ళు పట్టి దిద్దించిన చేయి, కొన్నాళ్ళకు పట్టు సడలించి, ఆపైన వదలివేయాలి. అది తొందరపడి వదిలితే పిల్లవాడు పడతాడు. ఎన్నటికీ వదలకపోతే వాడికి అక్షరం రాదు. ఎప్పుడు వదలాలో తెలియడానికి సూత్రమేదీ లేదు. పైన కూర్చున్నవాడు తాడు బరువును చేతులతో చూచుకొంటూ, క్రింద వున్నవాడి ప్రతి అడుగునూ గమనిస్తూ వుండవలసిందే.